అట్టల బాబాయి తప్పు కొలత

అట్టల బాబాయికి చూపు మందగించిందనీ, అందుకే కొలతలన్నీ తప్పుతున్నాయనీ, ఆస్పత్రివాళ్ళు ఇవాళో రేపో ఇంటికి పంపించేస్తారనీ వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టు దగ్గర ఒక పుకారు పుట్టింది. వీధి చివరికి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. మనిషికి మతి కూడా చలించిందట, కంటికి గుడ్డ కట్టుకుని రోగుల వరసలో నిలబడి పచ్చ బిళ్ళలు అడుగుతున్నాడట! ఇందులో కంటికి గుడ్డ నిజం. రోగుల వరస నిజం. పచ్చ బిళ్ళా నిజమే. మిగతాదంతా శుద్ధ అబద్ధం. తెలిసినవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటే తెలియనివాళ్ళు మాట్లాడక ఏం చేస్తారు? అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

ఆయన ఆస్పత్రిలో వడ్రంగి. ముప్పై ఏళ్ళుగా అక్కడి తలుపులూ బల్లలూ మంచాలూ ఆయన చేతిమీదే నిలబడి ఉన్నాయి. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఏ వస్తువునీ నేరుగా చెక్కతో చెయ్యడు. ముందు అట్టతో చేస్తాడు. మందుల పెట్టెల అట్ట, ఫ్రిజ్ వచ్చిన అట్ట, ఏదైనా సరే. కత్తితో కోసి, టేపు చుట్టి, నిజం వస్తువంత సైజులో నిలబెట్టి "వాడి చూడండి" అంటాడు. వాడినవాళ్ళు ఏదో ఒక వంక పెట్టేదాకా వదలడు. పెట్టారో, లాటరీ తగిలినట్టు మొహం వెలిగిపోతుంది. అక్కడికక్కడే కోసి సరిచేసి, "ఇంకోటి చెప్పండి, ఇంకోటి" అని వెంటపడతాడు.

పోనీ ఆ అట్టయినా తిన్నగా చేస్తాడా అంటే, మొదటిది ఎప్పుడూ తప్పే. ఏదో అంగుళం, అర అంగుళం తప్పు కాదు, దారినపోయేవాడు ఆగి నవ్వేంత తప్పు. బల్ల చేస్తే గడ్డానికి తగులుతుంది. గోడకి అర చేస్తే అందుకోవడానికి నిచ్చెన కావాలి. "ముప్పై ఏళ్ళ వడ్రంగికి టేపు పట్టుకోవడం రాదేమిటమ్మా!" అని వీధంతా నవ్వుకునేది. ఆయనా నవ్వేవాడు.

పెళ్ళయిన కొత్తల్లో ఆయన భార్య నోట్లో నాలుక లేని మనిషి అంటే ఇప్పుడెవరూ నమ్మరు. మా అందరికీ ఆవిడ పిన్ని. ఏమడిగినా తల వంచుకుని ఒకటే జవాబు.

"కాఫీ తాగుతావా?"

"మీ ఇష్టం."

"కిటికీ తెరవనా?"

"మీ ఇష్టం."

"ఆ మొహమేమిటి, తలనొప్పా?"

"మీ ఇష్టం."

వారం రోజులు చూసి బాబాయి వంటింట్లో ఉన్న గట్టు పీకేశాడు. దాని స్థానంలో అట్టల గట్టు, దాని మీద అట్టల పొయ్యి నిలబెట్టి, "దీని ముందు నిలబడి వంట చేసినట్టు చెయ్యి, ఎలా ఉందో చెప్పు" అన్నాడు. పాపం ఆ పిల్ల మూడు రోజులు ఖాళీ గిన్నెలో గరిట తిప్పింది. తిండి హోటల్నుంచి వచ్చేది. సరిగ్గా మూడో రోజునే వాళ్ళమ్మ చూసిపోదామని దిగింది.

"ఏం వండుతున్నావే?"

"ఏమీ లేదమ్మా."

"గిన్నెలో ఏముంది?"

"ఏమీ లేదు."

"పొయ్యిలో మంటేదీ?"

"మంట పెడితే అంటుకుంటుందమ్మా, అట్ట కదా."

ఆ తల్లి అక్కడే గుమ్మంలో చతికిలబడి, "నా బంగారాన్ని తీసుకొచ్చి ఎవరి చేతిలో పెట్టాన్రా దేవుడా" అని శోకాలు మొదలుపెట్టింది. ఇరుగూ పొరుగూ వచ్చి మంచినీళ్ళిచ్చారు. నాలుగో రోజు పొద్దున పిన్ని గరిట విసిరికొట్టింది. "పొయ్యి ఎత్తుగా ఉంది! చెయ్యి పీకేస్తోంది! ఎవరు కొలిచారు దీన్ని?" అని వీధికంతా వినపడేలా అరిచింది. బాబాయి గెంతేసి కత్తి తెచ్చి, నాలుగు వేళ్ళ మేర కోసేశాడు. "మీ ఇష్టం" అన్న మాట ఆ ఇంట్లో అదే ఆఖరు. ఇప్పుడు పిన్ని చంద్రుడిక్కూడా కొంచెం కుడిపక్కకి జరగమని చెప్పే రకం.

పక్కింటి లెక్కల మాస్టారి కుర్చీదీ ఇదే కథ. రిటైరైన మాస్టారు, పరమ మర్యాదస్థులు. ఎవరేమిచ్చినా "బ్రహ్మాండం" అనడం తప్ప ఆయనకి మరో మాట రాదు. బాబాయి అట్టకుర్చీ తెచ్చి వేశాడు. కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగిలాయి.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బ్రహ్మాండం బాబూ."

రెండు గంటలయింది. మాస్టారు లేవలేదు. లేవలేకపోయారు. బాబాయి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పేపరు చదువుతూ మధ్యమధ్య "ఎలా ఉంది మాస్టారూ?" అంటున్నాడు. చివరికి మాస్టారు చెయ్యి చాచి, "లేపు నాయనా. ఇది కుర్చీ కాదు, గొయ్యి" అన్నారు. "అదీ మాట!" అని బాబాయి ఆయన్ని అమాంతం ఎత్తి నిలబెట్టాడు. దాంతోపాటే మాస్టారు, ఎడమ మోకాలు ఆరేళ్ళుగా సతాయిస్తోందనీ, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదనీ కక్కేశారు. ఇప్పుడాయన కుర్చీకి ఎడమవైపు పట్టుకుని లేవడానికి ఒక కొమ్ము ఉంటుంది. చూసే ఉంటారు. అలాంటిదే ఇంకోటి బాబాయి ఇంట్లోనూ ఉంది.

ఇక పచ్చ బిళ్ళ సంగతి.

ఆస్పత్రిలో మందులిచ్చే ఆవిడ కూడా మా వీధే. పధ్నాలుగేళ్ళుగా ఆ కౌంటర్లో ఉండబట్టి కౌంటరమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. మనిషి మంచిదే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఒక పెద్ద అద్దం, దానికి అరచెయ్యంత కన్నం. అద్దం వెనక ఆవిడ, ఆవిడ వెనక మందులు తీసి అందించే కాంపౌండరు. ఆ కాంపౌండరు నోరు విప్పడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. రోజూ నూట తొంభై మంది వచ్చి ఆ కన్నం దగ్గర వంగి చీటీ ఇస్తారు. "పచ్చది పొద్దున, తెల్లది రాత్రి, తిన్నాక" అని ఆవిడ చెబుతుంది. వాళ్ళు తలూపుతారు. గంటకి మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. మూడోసారికి ఆవిడ కసురుతుంది. వాళ్ళు పోతూ పోతూ ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేస్తారు.

ఒకరోజు సూపరింటెండెంటుగారు పిలిపించారు.

"ఈ నెల నలభై ఒక్క ఫిర్యాదులమ్మా. అన్నింట్లోనూ ఒకటే మాట, విసుక్కుంటుందని. వచ్చే నెలా ఇలాగే ఉంటే మిమ్మల్ని కింద గోదాముకి మార్చక తప్పదు."

కింద గోదాములో ఒక ట్యూబులైటు, మూడొందల పెట్టెలు, ఒక స్తంభం ఉంటాయి. మనిషన్నవాడుండడు. కౌంటరమ్మ ఆ సాయంత్రం పిన్ని దగ్గరకొచ్చి కూలబడింది. "విసుక్కుంటానే పిన్నీ, కాదనను. కానీ మనుషుల మొహాలు చూడకపోతే నాకు పొద్దు గడవదు. ఆ పెట్టెల్ని ఏమని విసుక్కోను?" అని కళ్ళు తుడుచుకుంది. బాబాయి మూల కూర్చుని అట్ట కోసుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు. కౌంటరమ్మకి ఒళ్ళు మండింది.

ఈలోగా సూపరింటెండెంటుగారు ఈ సమస్యని కొత్త పద్ధతిలో పరిష్కరిద్దామని పట్నంనుంచి ఒక ట్రైనరుని రప్పించారు. డిజైన్ థింకింగ్ అని ఒక విద్య ఉందట. పనిలో చిక్కొస్తే ముందు ఆ చిక్కు పడేవాడి బాధ తెలుసుకోవాలి, అసలు చిక్కేమిటో తేల్చాలి, తోచిన ఉపాయాలన్నీ రాయాలి, ఒకటి చవగ్గా చేసి చూడాలి, వాడించి దిద్దుకోవాలి. వినడానికి బాగానే ఉంది. రెండు రోజుల శిక్షణ. మేడమీద ఏసీ గదిలో రంగురంగుల అంటుకునే కాయితాలు పంచారు. బోర్డులు మోయడానికి వచ్చిన బాబాయిని కూడా వెనక బెంచీ మీద కూర్చోమన్నారు.

"అందరూ కళ్ళు మూసుకోండి. ఇప్పుడు మీరే పేషెంటు. మీకేం కనపడుతోంది?" అన్నాడు ట్రైనరు.

బాబాయి చెయ్యెత్తాడు. "కళ్ళు మూసుకుంటే ఏం కనపడుతుందండీ?"

"ఊహించుకోవాలండీ."

"పేషెంట్లు కిందే ఉన్నారు కదండీ. మెట్లు దిగి అడిగొస్తే పోలా?"

"అది మన షెడ్యూల్లో లేదండీ."

బాబాయి బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. రెండో రోజు సాయంత్రానికి గోడ మీద మూడొందల పన్నెండు కాయితాలు అంటించారు. ఎవరో ఉక్కగా ఉందని ఫ్యాను వేశారు. అన్నీ రాలిపోయాయి. ఊడ్చే ఆవిడ ఎత్తి పారబోసింది. చేతిలో మిగిలిన ఒక్క కాయితం పట్టుకుని సూపరింటెండెంటుగారు బోర్డు రాయించారు. "ప్రశ్నలు ఒక్కసారి మాత్రమే అడగవలెను." మర్నాడు జనం వరసలో నిలబడి, ఆ బోర్డుకి అర్థమేమిటని కౌంటరమ్మని అడిగారు. ఒక్కొక్కరూ రెండేసిసార్లు.

అదిగో, ఆ మర్నాటి నుంచే బాబాయి రోగుల వరసలో కనపడ్డాడు. ఒక రోజు కంటికి గుడ్డ. ఒక రోజు చెవుల్లో దూది. ఇంకో రోజు చంకలో ఐదు కిలోల పిండి బస్తా, చంటిపిల్లనెత్తుకున్నట్టు జోకొడుతూ. ఇస్త్రీ కొట్టు ఆయన తమ్ముడు ఇదంతా చూశాడు. మిగతాది మీకు తెలిసిందే.

కౌంటరమ్మకి మాత్రం వేరే అనుమానం వచ్చింది. సూపరింటెండెంటు తన మీద నిఘా పెట్టాడు, ఆ నిఘా సొంత వీధివాడే, తను బాబాయ్ అని పిలిచేవాడే అనుకుంది.

బాబాయి కన్నం దగ్గర వంగి అడిగాడు. "పచ్చ బిళ్ళ పొద్దునా, సాయంత్రమా?"

"పొద్దున."

గేటుదాకా వెళ్ళి, తిరిగొచ్చి, ముప్పావుగంట మళ్ళీ వరసలో నిలబడి అడిగాడు. "పచ్చ బిళ్ళ పొద్దునా, సాయంత్రమా?"

"పొద్దున అన్నానా!"

మళ్ళీ వచ్చాడు. "అమ్మాయ్, పచ్చ బిళ్ళ..."

"నీ నెత్తిన వేసుకో! పొద్దునా సాయంత్రమూ రెండుపూటలా వేసుకో!" అని ఆవిడ అరిచిన అరుపుకి అద్దం అదిరింది.

"మంచిది" అని బాబాయి చెవి మీది పెన్సిల్ తీసి ఏదో రాసుకున్నాడు. ఫిర్యాదుల పెట్టె వైపు నడిచాడు. కౌంటరమ్మ కన్నంలోంచి తొంగిచూసింది. ఆయన ఆ పెట్టె పక్కన టేపు పెట్టి గోడ కొలుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. పిన్ని పిలిచినా తలుపు తీయలేదు.

సోమవారం పొద్దున వచ్చేసరికి, కౌంటరు పక్కన ఇంకో కిటికీ మొలిచి ఉంది. అట్టల కిటికీ. అద్దం లేదు. దానికి ఇటొక అట్టల స్టూలు, అటొక అట్టల స్టూలు. పైన బాబాయి వంకర అక్షరాలతో, "మళ్ళీ అడిగేవాళ్ళు ఇక్కడ. ఎన్నిసార్లయినా."

కౌంటరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటిది బాబాయ్? నన్ను పంపించేస్తున్నారని ముందే దుకాణం తెరిచావా?"

"వరసలో ఆరు రోజులు నిలబడ్డానమ్మాయ్. దాంట్లో ముగ్గురికొకరు కొత్తవాళ్ళు కారు, తిరిగొచ్చినవాళ్ళు. నువ్వు చెప్పేది అద్దంలోంచి సగమే వినపడుతుంది. వెనకవాళ్ళు తోస్తుంటారు. 'వినపడలేదండీ' అనడానికి మొహం చెల్లక తలూపేసి పోతారు. గేటు దగ్గర పొట్లం విప్పి చూసుకుంటే ఏదేమిటో తెలీదు. మళ్ళీ వస్తారు."

కౌంటరమ్మ అద్దం వైపు తిరిగి చూసింది. పధ్నాలుగేళ్ళుగా ఆవిడ చూసింది ఆ తలూపడమే.

"మరి నన్ను మూడుసార్లు ఎందుకు ఏడిపించావు?"

"నువ్వెన్నోసారికి విసుక్కుంటావో చూద్దామని. మూడోసారికి విసుక్కున్నావు. నేనైతే రెండోసారికే చీటీ చింపి మొహాన కొట్టేవాణ్ణి. ఆ కన్నం దగ్గర కాంపౌండరుని కూర్చోబెట్టు, ఆయనకి మాటలక్కర్లేదు. నువ్వు ఇక్కడికి రా."

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. అట్టయినా ఆగింది. కిటికీ గట్టు మాత్రం ఆవిడ ముక్కు దగ్గరికొచ్చింది. వరసలోవాళ్ళు కిసుక్కున నవ్వారు. కొలత మళ్ళీ తప్పింది! ఇస్త్రీ కొట్టు ఆయన తమ్ముడు అప్పుడే వీధికి పరిగెత్తి ఉంటాడు.

మొదట వచ్చి కూర్చున్నది ఒక బట్టతల పెద్దాయన. కూర్చున్నాక అవతలివాళ్ళకి కనపడేది ఆ బట్టతల ఒక్కటే.

"చెప్పండి తాతగారూ" అంది కౌంటరమ్మ గట్టు మీంచి తొంగిచూస్తూ.

ఆయన మొహమాటంగా దగ్గాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. ఇక ఆపుకోలేక, "అమ్మా, ఇది కిటికీయా, గోడా? నీకు నా గుండు కనపడుతోంది, నాకు నీ కొప్పు కనపడుతోంది. ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?" అన్నాడు.

వరసంతా గొల్లుమంది. పెద్దాయనా నవ్వాడు. బాబాయి పక్కనుంచి ఊడిపడి, టేపు కూడా తీయకుండా, ఒక్క ఊపులో మూరెడు పట్టీ కోసేశాడు. ఇప్పుడు మొహాలు ఎదురెదురుగా వచ్చాయి.

"ఇంకేమైనా ఉందా తాతగారూ?" అన్నాడు బాబాయి.

"ఇంకా అంటే..." పెద్దాయన గొంతు తగ్గించాడు. ఇప్పుడు దగ్గరగానే ఉన్నారు గనుక కౌంటరమ్మకి వినపడింది. "నాకు చదువు రాదమ్మా. పొట్లం మీద నువ్వు రాసేది నాకు పనికిరాదు. మా ఇంటిదానికీ రాదు. పొద్దుటి బిళ్ళ మీద సూర్యుణ్ణి, రాత్రి బిళ్ళ మీద చంద్రుణ్ణి గీసిస్తావా?"

కౌంటరమ్మ సూర్యుణ్ణి గీసింది. చంద్రుణ్ణి గీసింది. పెద్దాయన పొట్లాలు రెండూ అటూ ఇటూ తిప్పి చూసుకుని, జేబులో పెట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. వెనకాల ఆవిడ, "నాకూ సూర్యుడే" అంది. సాయంత్రానికి కౌంటరమ్మ ఎనభై సూర్యుళ్ళు గీసింది. ఆవిడ జన్మలో ఎప్పుడూ బొమ్మలు గీయలేదు. సూర్యుడు నిమ్మకాయలా, చంద్రుడు తెగిన గోరులా ఉండేవాళ్ళు. ఆ రోజుకి ఎవరూ వంక పెట్టలేదు.

నెల తిరిగేసరికి ఫిర్యాదులు మూడు. ఒకటి స్టూలు కుచ్చుకుంటోందని. రెండోది చంద్రుడు బాగా రాలేదని. మూడోది కాంపౌండరు మాట్లాడడం లేదని. గోదాము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సూపరింటెండెంటుగారు మురిసిపోయి, అదే కిటికీని టేకుతో చేయించి, రిబ్బను కట్టించారు. "మన రెండు రోజుల శిక్షణ ఫలితం ఇది" అని ఉపన్యాసమిచ్చారు. ట్రైనరు వచ్చి, చూపుడువేలు గడ్డానికి ఆనించి ఫోటో దిగాడు. బాబాయి వెనకాల నిలబడి కత్తెర అందించాడు.

ఆ సాయంత్రం కౌంటరమ్మ పాత అట్టల కిటికీని పారెయ్యడానికి మనసొప్పక మడతపెడుతోంది. మొదటిరోజు కోసేసిన పట్టీ స్టూలు కింద దొరికింది. తిరగేసి చూసింది. కోసిన అంచు పొడుగునా పెన్సిల్ గీత ఉంది, తాడు పట్టి గీసినంత తిన్నగా. దాని పక్కన వంకర అక్షరాలు. "ఎవరో ఒకరు తిట్టాక ఇక్కడికి కొయ్యాలి."

ఆవిడ ఇంటికి కూడా పోకుండా ఆ పట్టీ పట్టుకుని తిన్నగా బాబాయి ఇంటికొచ్చింది. బాబాయి అరుగు మీద అట్టలు సర్దుకుంటున్నాడు.

"బాబాయ్, నిజం చెప్పు. నీ కొలతలు తప్పుతున్నాయా, నువ్వే తప్పిస్తున్నావా?"

బాబాయి పట్టీ చూశాడు. దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా నవ్వాడు.

"పక్కా కొలతతో నున్నగా చేసి పెట్టాననుకో, 'బాగుంది బాబూ' అనేసి పోతారమ్మాయ్. ఉన్న బాధ కడుపులోనే ఉండిపోతుంది. అదే కళ్ళెదురుగా ఒక వెధవ తప్పు ఉందనుకో, ఎంత మొహమాటస్థుడికైనా ముందు నవ్వొస్తుంది, తర్వాత నోరొస్తుంది. మొదటి మాట నా తప్పు మీద. నాక్కావలసింది ఆ తర్వాతి మాట. గట్టు ఎత్తుగా ఉందని నాకు తెలీదా? ఆ పెద్దాయనకి చదువు రాదని మాత్రం నాకెలా తెలుస్తుంది?"

కౌంటరమ్మ పట్టీని మళ్ళీ తిరగేసి చూసింది. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవి చేసింది. "అయితే పిన్ని పొయ్యి?"

బాబాయి వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నాలుగు వేళ్ళు కావాలనే ఎత్తు పెట్టాను. వారం రోజులు 'మీ ఇష్టం' తప్ప ఇంకో మాట లేదు. ఈ పిల్ల జన్మంతా చెయ్యి పీకుతున్నా చెప్పదేమోనని భయమేసింది."

లోపల్నుంచి పిన్ని గొంతు ఖంగుమంది. "ఏమండీ! అక్కడ గొణుగుతున్నది ఇక్కడికి సరిగ్గా వినపడట్లేదు! కొంచెం గట్టిగా మాట్లాడండి! ఆ అట్టలు అడ్డంగా పెట్టకండి, నిన్ననేగా చెప్పాను! ఆ అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారేమిటి, కుర్చీ వెయ్యండి! అది కాదు, కొమ్మున్నది!"

బాబాయి కౌంటరమ్మ వైపు వంగి, చెవిలో చెప్పాడు.

"రెండు వేళ్ళు పెట్టినా సరిపోయేదేమో అమ్మాయ్."